పన్నెండు గంపలు



యోహాను సువార్త ఆరవ అధ్యాయంలోని రొట్టెల అద్భుతం తెలియని కతోలిక కుటుంబం ఉండదు. ఉపదేశిగారు చిన్నపిల్లలకు మొదట చెప్పే కథలలో అది ఒకటి. ఐదు బార్లీ రొట్టెలు, రెండు చేపలు, ఐదువేలమంది పురుషులు, చివరకు పన్నెండు గంపల మిగులు. నిద్రలో లేపి అడిగినా మన పిల్లలు ఈ లెక్కలు తప్పు లేకుండా చెబుతారు. కాని ఆ కథలో ఒక చిన్న మాటను మనం తరచుగా దాటిపోతుంటాం. పాతికేండ్లకు పైగా ప్రసంగాలు చెబుతూ నేను కూడా దానిని దాటిపోయినవాడినే.

జనమంతా కడుపునిండా తిన్న తరువాత ప్రభువు తన శిష్యులను పిలిచి, మిగిలిన ముక్కలన్నీ ఏరమనీ, వాటిలో ఏదీ వృథా కారాదనీ ఆజ్ఞాపించాడు. ఒక్కసారి ఆలోచించండి. ఐదు రొట్టెలతో ఐదువేలమంది ఆకలి తీర్చగలిగిన ప్రభువుకు నాలుగు ముక్కలు నేలపాలైతే లోటేమిటి? మరునాడు ఆకలి వేస్తే మళ్ళీ అద్భుతం చేయలేడా? చేయగలడు. అయినా ముక్కలు ఏరమన్నాడు. ఏరినవారు కూలివాళ్ళు కారు, శ్రీసభకు పునాదిరాళ్ళయిన అపోస్తలులే. పేతురు, అంద్రెయ, ఫిలిప్పు, యోహాను ఆ సాయంత్రం పచ్చికలో వంగి, జనం వదలిపెట్టిన ముక్కలను గంపలకెత్తారు.

తక్కువ ఉన్నప్పుడు పొదుపు చేయడం అందరికీ తెలిసిన విద్యే. ఆ రోజు ఆ కొండమీద తక్కువేమీ లేదు. సమృద్ధి ఉన్నచోట కూడా వృథా చేయరాదని ప్రభువు నేర్పాడు. దేవుడు ధారాళంగా ఇస్తాడు. ఆ ధారాళాన్ని చూచి మనం నిర్లక్ష్యం నేర్చుకోకూడదు. ఈ వారం మనం ధ్యానించవలసిన విషయం ఇదే.

పండుగ మరునాడు

ఈ మాట నా మనసులో ఎలా నాటుకున్నదో దాపరికం లేకుండా చెబుతాను. కొన్నేండ్ల క్రితం, ప్రభుత్వం థర్మోకోల్ పళ్ళేలను ఇంకా నిషేధించక ముందు, నేను పనిచేసిన ఒక విచారణలో దేవాలయ పండుగ ఘనంగా జరిగింది. తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు. గోపురం నుండి గేటు దాకా సీరియల్ లైట్లు. సాయంత్రం వేసినవి తెల్లవారేదాకా వెలుగుతూనే ఉండేవి. కరెంటు పోతే జనరేటరు. పండుగనాడు వచ్చినవారందరికీ ప్రేమవిందు. థర్మోకోల్ పళ్ళేలు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు. మేత్రాణులవారికి స్వాగతం చెబుతూ రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు. ప్రతి ఫ్లెక్సీలోనూ ఒక మూల చేతులు జోడించి నిలబడిన నా ఫొటో.

ఆ రాత్రి దేవాలయం వెనుక చెత్త గుట్టగా పడింది. మిగిలిన అన్నం, సాంబారు, పళ్ళేలు, ప్యాకెట్లు, చిరిగిన ఫ్లెక్సీలు అన్నీ కలిసిపోయాయి. ఉదయం మేత్రాణులవారు బయలుదేరేలోగా ఆవరణ శుభ్రంగా కనబడాలని నా తొందర. యువకులను పిలిచి తగలబెట్టమన్నాను. అగ్గిపెట్టె నా చేతితోనే ఇచ్చాను. మొదట అంటుకున్నవి ఫ్లెక్సీలే. నా ముఖం వంకరలు పోతూ కాలిపోవడం చూచి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. గాలి ఎటు వీస్తున్నదో చూడలేదు. గాలి వీచిన వైపు, ప్రహరీ గోడకు ఆనుకొని, కూలిపని చేసికొని బ్రతికే మన విశ్వాసుల ఇండ్లు ఉన్నాయి.

మరునాటి పూజకు, రోజూ మొదటి వరుసలో కూర్చునే ఒక పెద్దామె రాలేదు. పూజ ముగిసిన తరువాత వారింటికి వెళ్ళాను. ఆమె మంచంమీద కూర్చొని ఆయాసపడుతోంది. మొదటినుండీ ఉబ్బసం మనిషి. నన్ను చూచి లేవబోయింది. "పండగ బాగా జరిగింది ఫాదర్ గారండీ. రాత్రి ఎవరో చెత్త తగలబెట్టారు. తలుపేసుకున్నా పొగ ఆగలేదు. మీకు తెలిసి ఉండదులెండి. తెలిస్తే ఊరుకునేవారా?" అంది.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, "నేనే తగలబెట్టమన్నానమ్మా" అన్నాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. గ్లాసులో నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, "అయితే వచ్చే పండక్కి వద్దని చెప్పండి" అని మాత్రం అంది.

ఆమె ఇంటి ముందు దండెంమీద నాలుగు ప్లాస్టిక్ కవర్లు కడిగి ఆరవేసి ఉన్నాయి, మళ్ళీ వాడుకోవడానికి. వాటి కిందుగా వంగి బయటికి వచ్చాను.

తిరిగి వస్తుంటే ఆ ఉదయం పూజలో నేను చేసిన పని గుర్తుకు వచ్చింది. దివ్యసత్ప్రసాదం పంచిన తరువాత గురువు పళ్ళెంలో మిగిలిన సన్నని రేణువులను కూడా పానపాత్రలోకి చేర్చి, నీటితో కడిగి స్వీకరిస్తాడు. ఒక్క రేణువు కూడా నేల రాలరాదని సెమినరీలో మాకు నేర్పారు. సత్ప్రసాదమూ సాధారణ అన్నమూ ఒకటి కావు. ఆ భేదం మనందరికీ తెలుసు. కాని బలిపీఠం మీదికి మనం తెచ్చే అప్పం నేల ఇచ్చిన పంట, మనుషుల కష్టార్జితం. గోడ వెనుక మసి అయిన అన్నం కూడా అదే నేల పంట, అటువంటి మనుషుల కష్టమే. లోపల రేణువును కాపాడిన చేతులే బయట అగ్గిపెట్టె ఇచ్చాయి. ఆ వారం నేను పాపసంకీర్తనం చేసికొన్నప్పుడు, నా జీవితంలో మొదటిసారిగా, ఒక చెత్తకుప్పను గురించి చెప్పుకొన్నాను.

వృథా అంటే ఏమిటి?

చెత్త కూడా పాపమేనా అని కొందరు అడగవచ్చు. తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలు మేము వల్లెవేసేవాళ్ళం. ఒక కుండను తీసికొండి. అది దేనితో తయారైంది? ఏ రూపంలో ఉంది? ఎవరు చేశారు? దేనికొరకు చేశారు? ఈ నాలుగింటిలో చివరిదానిని అంతిమ కారణం అంటారు. మిగిలిన మూడింటికీ అర్థం దానివలననే వస్తుంది. నీళ్ళకోసం కాకపోతే కుమ్మరి మట్టి ఎందుకు తొక్కుతాడు?

వృథా అంటే ఒక వస్తువును దాని ప్రయోజనం నుండి తెంచివేయడమే. అన్నం ఆకలి తీర్చడానికి ఉంది. దీపం చీకటిలో మనిషికి దారి చూపడానికి ఉంది. ఎవరూ లేని గదిలో వెలిగే దీపం ఎవరికి దారి చూపుతుంది? రెండు గుక్కల నీటికోసం చేసిన ప్లాస్టిక్ గ్లాసు మన మునిమనుమల కాలానికి కూడా మట్టిలో కలవదు. దాని ప్రయోజనం ఒక్క నిమిషం, దాని భారం తరతరాలు.

పునీత తోమాసు అక్వినాసు ఇంకొక మెట్టు పైకి తీసికొని వెళ్ళాడు. సొత్తును సంపాదించి నిర్వహించుకొనే హక్కు మనిషికి ఉన్నదనీ, దానిని వాడుకొనే విషయంలో మాత్రం అది అందరిదీ అని భావించి అవసరంలో ఉన్నవారితో పంచుకొనడానికి సిద్ధంగా ఉండాలనీ ఆయన బోధించాడు. దీనినిబట్టి, "నా డబ్బు, నా కరెంటు బిల్లు, నేను కట్టుకుంటున్నాను, మీకేమిటి?" అనే మాట క్రైస్తవుని నోట రాదగినది కాదు. బిల్లు మనం కడతాం. పొగ ఇంకొకరు పీలుస్తారు.

కనబడని వృథా

చెత్త కంటికి కనబడుతుంది. కరెంటు వృథా కనబడదు. విజయవాడ నుండి హైదరాబాదు వెళ్ళే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం పొగగొట్టాలను మీలో చాలామంది చూచి ఉంటారు. 1979 నుండి అక్కడ బొగ్గు మండుతూనే ఉంది. సింగరేణి నుండి, ఒడిశాలోని తాల్చేరు నుండి బొగ్గు రైళ్ళలో వస్తుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. ఆ బొగ్గులో దాదాపు మూడవ వంతు బూడిదగా మిగులుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పాతకాలపు 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతుంది. అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటిన్నర యూనిట్ లోపే ముగిస్తుంది. అంటే ఒక్క బల్బు మార్చితే నెలకు ఐదు కిలోలకు పైగా బొగ్గు భూమిలోనే ఉండిపోతుంది. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొంటుంది. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్ల చుట్టుపక్కల చాలు. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లకు పైగా మిగులు. అయితే ఎంత మంచి బల్బైనా, ఎంత మంచి ఫ్యానైనా, మనిషి లేని గదిలో పనిచేస్తే అది వృథాయే. యంత్రం మారితే సగం పని అయినట్లు. మిగిలిన సగం స్విచ్చి దగ్గర ఆగే మన చేతిదే.

ప్రభుత్వాలు కూడా కొన్ని మంచి పనులు చేశాయి. వాటిని మెచ్చుకోవాలి, వాడుకోవాలి. 2015లో ప్రారంభమైన ఉజాలా పథకం క్రింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు తక్కువ ధరకు ప్రజలకు చేరాయి. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం ఇంటి కప్పుమీద సౌరఫలకాలు పెట్టుకొనేవారికి ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు అంతకు పైన అయితే 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించింది. 2022 జులై 1 నుండి ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ నిషేధించబడ్డాయి. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్, బహిరంగంగా చెత్త తగలబెట్టేవారికి 5,000 రూపాయలు, పెద్దయెత్తున తగలబెడితే 25,000 రూపాయలు పరిహారం విధించాలని ఉత్తర్వు చేసింది. ఆ లెక్కన నేను కూడా కట్టవలసినవాడినే. చట్టం నన్ను పట్టుకోలేదు. ఆ పెద్దామె మాట పట్టుకొంది.

శ్రీసభ బోధన

ఇది కాలేజీ పిల్లల కొత్త ఫ్యాషను అనుకోకండి. 1979లోనే రెండవ జాన్ పాల్ పోపుగారు అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్‌ను పర్యావరణాన్ని పరిరక్షించేవారికి పాలక పునీతునిగా ప్రకటించారు. 1990 జనవరి 1న విశ్వశాంతి దినోత్సవ సందేశాన్ని పూర్తిగా సృష్టి పరిరక్షణకే కేటాయించారు. 2008లో, పదహారవ బెనెడిక్ట్ పోపుగారి కాలంలో, వాటికన్‌లోని ఆరవ పౌలు సభామందిరం కప్పుమీద సుమారు 2,400 సౌరఫలకాలు అమర్చారు. 2013 జూన్ 5న ఫ్రాన్సిస్ పోపుగారు, ఆహారం పారవేయడమంటే పేదవాని బల్లమీది నుండి దొంగిలించడంతో సమానమన్న అర్థంలో హెచ్చరించారు. 2015లో ఆయన వ్రాసిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో అనవసరమైన దీపాలు ఆర్పడం, తినగలిగినంతే వండుకోవడం, చెత్తను వేరుచేయడం వంటి చిన్నపనులను ప్రేమతో చేయమని కోరారు. ఒక విశ్వలేఖలో వంటింటి సంగతులు వ్రాయడమేమిటని మొదట నాకూ అనిపించింది. నజరేతులో మరియమాత వంటింటిని తలచుకొన్న తరువాత ఆ సందేహం పోయింది.

"ఇవి ఏపాటి?"

ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "ఫాదర్ గారూ, పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, పెద్ద దేశాలు లోకాన్ని పాడు చేస్తుంటే మా ఇంట్లో ఒక లైటు ఆపితే ఏం ఒరుగుతుంది?" ప్రశ్న న్యాయమైనదే. ఎక్కువ కాల్చినవారే ఎక్కువ బాధ్యత వహించాలి. ఆ మాట అడగడం కూడా క్రైస్తవ ధర్మమే. కాని ఇదే ప్రశ్న సువార్తలో అంద్రెయ వేశాడు. ఐదు రొట్టెలు తెచ్చిన బాలుణ్ణి చూపించి, ఇంతమందికి ఇవి ఏపాటి అన్నాడు. ప్రభువు అంద్రెయతో వాదించలేదు. ఆ బాలుని రొట్టెలు చేతిలోకి తీసికొని కృతజ్ఞతలు అర్పించాడు. తక్కువని ఆ బాలుడు రొట్టెలు దాచుకొని ఉంటే, ఏరడానికి ముక్కలే మిగిలేవి కావు.

ఇంకొక మాట. పేదవారికి పొదుపు గురించి ప్రసంగాలు అక్కరలేదు. కవరు కడిగి ఆరవేసుకొనే ఇంటికి నేను నేర్పగలిగినదేమీ లేదు. ఈ వాక్యం ముందుగా మా గురువులకు, మా బంగళాలకు, మన పాఠశాలలకు, ఏసీ కల్యాణమండపంలో పెండ్లి చేయగలిగిన కుటుంబాలకు. బఫే వరుసలో పళ్ళెం నిండా పెట్టుకొని సగం తొట్టెలో వేసే చేయి మనదైతే, ఈ మాట మనకే.

మరుసటి పండుగ

ఆ తరువాతి ఏడు పండుగకు రెండు నెలల ముందే విచారణ సలహా సంఘాన్ని కూర్చోబెట్టాను. జరిగినది చెప్పి, తప్పు నాదేనన్నాను. చర్చ సులభంగా సాగలేదు. "లైట్లు తగ్గిస్తే పక్క ఊరివాళ్ళు నవ్వుతారు" అన్నారు కొందరు. "స్టీలు గ్లాసులు ఎవరు కడుగుతారు?" అన్నారు మరికొందరు. చివరకు మరియదళం స్త్రీలు లేచి, "మగవాళ్ళు కూడా మాతో కలిసి కడిగేటట్లయితే మేము సిద్ధం" అన్నారు. ఆ షరతుకు సభ కాసేపు మౌనంగా ఉండి, తరువాత ఒప్పుకొంది.

విస్తరాకులు కుట్టించాం. నీళ్ళకు స్టీలు డ్రములు, స్టీలు గ్లాసులు పెట్టాం. ఫ్లెక్సీల బదులు గుడ్డమీద రంగులతో వ్రాయించాం. నా ఫొటో ఎక్కడా లేదు, ఎవరూ అడగలేదు కూడా. దీపాలు రాత్రి పది గంటలకు ఆపివేశాం. అన్నం ఒకేసారి వండకుండా జనాన్నిబట్టి విడతలుగా వండించాం. మిగిలినది ఆ రాత్రే పంచిపెట్టాం. దేవాలయం వెనుక గోతిలో విస్తళ్ళూ కూరగాయల తొక్కులూ ఎండుటాకులతో పొరలు పొరలుగా వేసి మూశాం. గాలి తగలకుండా గుట్టగా కుళ్ళే తడిచెత్త నుండి మీథేన్ వాయువు వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది, నూరేండ్ల లెక్కన చూస్తే, బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు బలమైనది. అదే చెత్త ఎండుటాకులతో కలిసి గాలి ఆడుతూ మాగితే ఎరువవుతుంది. కొన్ని నెలల తరువాత ఆ ఎరువును మరియమాత గుహ చుట్టూ పూలమొక్కలకు వేశాం.

అన్నీ సవ్యంగా జరగలేదు. గ్లాసులు కొన్ని పోయాయి. ఎవరో దాచి తెచ్చిన నీళ్ళ ప్యాకెట్లు గేటు దగ్గర కనబడ్డాయి. అయినా ఆ రాత్రి మంట లేదు. మరునాటి ఉదయం ఆ పెద్దామె మొదటి వరుసలో తన చోట కూర్చొని ఉంది. పూజ అయిన తరువాత నాతో ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

ఈ వారం ఆచరణ

సెప్టెంబరు 1 నుండి పునీత ఫ్రాన్సిస్ పండుగైన అక్టోబరు 4 వరకు సృష్టి కాలాన్ని పాటిస్తున్నాం. ఆ కాలానికైనా, ఏ వారానికైనా, ప్రతి కుటుంబం ఈ నాలుగు పనులు చేయవచ్చు.

మొదటిది, తడిచెత్త, పొడిచెత్త, బ్యాటరీలు మందులవంటి ప్రమాదకరమైన చెత్త – ఈ మూడింటినీ వేరువేరుగా ఉంచండి. ఏదీ తగలబెట్టకండి. వేరుచేయని చెత్తను చేతులతో ఏరేది ఒక తల్లి కన్న బిడ్డే అని గుర్తుంచుకోండి.

రెండవది, రాత్రి కుటుంబ జపమాల చెప్పుకొనేటప్పుడు ఒక్క గదిలో ఒక్క దీపం ఉంచి మిగిలినవన్నీ ఆపండి. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవడానికి అది కూడా ఒక సాకు అవుతుంది.

మూడవది, ఇంట్లో పెండ్లి, జ్ఞానస్నానం, గృహప్రవేశం ఏదైనా ఉంటే ఎంతమంది వస్తారో ముందుగా లెక్క వేసి వండించండి. మిగిలితే ఎవరికి ఇవ్వాలో కూడా ముందే అనుకోండి.

నాలుగవది, మీ విచారణలో గురువు ఈ విషయంలో పొరపాటు చేస్తుంటే, గౌరవంతోనే, ముఖంమీద చెప్పండి. నాకు చెప్పిన మాట నాకు మేలు చేసింది.

ఆ సాయంత్రం అపోస్తలులు ముక్కలు ఏరినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కొక్క గంప నిండింది. ఆ పన్నెండు గంపలలోని రొట్టె తరువాత ఎవరి ఇంటికి చేరిందో సువార్తికుడు చెప్పలేదు. అది ఎవరో ఆకలిగొన్నవారికే చేరి ఉంటుందని నేను నమ్ముతాను. మనం వృథా చేయకుండా ఆపినది కూడా అలాగే, మనకు తెలియని ఎవరో ఒకరికి చేరుతుంది: ఒకరికి అన్నంగా, ఒకరికి వెలుగుగా, ఒకరికి ఊపిరిగా.

సకల సృష్టికి కర్తవైన తండ్రీ, నీ దానాలను కృతజ్ఞతతో స్వీకరించి, మితంగా వాడుకొని, పొరుగువారితో పంచుకొనే మనసును మా కుటుంబాలకు దయచేయుము. మేము వదలిపెట్టిన ముక్కలను వంగి ఏరుకొనే వినయాన్ని మాకు నేర్పుము. ఆమెన్.